బరంపురంలో మా కంపెనీ రిజిస్ట్రేషన్ చేసిన సీఎస్ ఆఫీసు రివ్యూ, కాగితాల సంగతులతో సహా

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 4.5. బరంపురంలో కంపెనీ రిజిస్ట్రేషన్ చేయిస్తాం అనే బోర్డులు కోర్టుపేట నుంచి గాంధీనగర్ దాకా కనిపిస్తూనే ఉంటాయి, అయినా మా పని చేసిన ఈ కంపెనీ సెక్రటరీ (సీఎస్, అంటే కంపెనీల కాగితాలు, ఫైలింగ్‌లు చూసేవాళ్ళు) మేడమ్ ఆఫీసు గురించి విడిగా రాయాలనిపించింది, ఎందుకంటే ఆవిడ ఫారం ముట్టుకునే ముందు మా కాగితాలు చదివారు. చదవడం అంటే నిజంగా కూర్చుని, ఆధార్ ఒక పక్కన, పాన్ ఒక పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడడం. ఒడిశాలో ఉండే మన తెలుగు వాళ్ళకి ఆ ఒక్క పని సరిగ్గా జరిగితే సగం రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే, ఇది నేను గట్టిగా చెప్తున్నా.

ఆఫీసు పేరు ఇక్కడ వేయట్లేదు. సీఎస్‌లు తమ ప్రచారం తాము చేసుకోకూడదని వాళ్ళకి రూల్స్ ఉన్నాయంట, ఆవిడే వద్దన్నారు. కోర్టుపేట సైడ్, మేడ మీద ఆఫీసు, కింద జెరాక్స్ షాపు, ఊళ్ళో వాళ్ళకి ఇంత చెప్తే చాలు.

మా సంగతి ఏంటంటే నేనూ మా వదినా అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు చేసి అమ్ముతాం. బరంపురం అప్పడాలకీ పచ్చళ్ళకీ ఒడిశా అంతా ఎంత పేరుందో వేరే చెప్పక్కర్లేదు, భువనేశ్వర్ వెళ్ళే ప్రతి చుట్టం బ్యాగులో ఒక ప్యాకెట్ ఉంటుంది. ఇన్నాళ్ళూ వదిన పేరు మీద ప్రొప్రయిటర్‌షిప్‌గానే నడిచింది, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ లైసెన్స్ అన్నీ ఆవిడ పేరు మీదే. ఇప్పుడు ఇద్దరం డబ్బు పెడుతున్నాం, బయట ఊళ్ళ షాపులకి సరుకు వేస్తున్నాం, అప్పు తీసుకుంటే ఇంటి మీదకి రాకూడదు, అందుకని ప్రైవేట్ లిమిటెడ్ అనుకున్నాం.

మొదట ఒక ఆన్‌లైన్ ప్యాకేజీ వాళ్ళతో మాట్లాడాం. పేరు చెప్పను. ఫోన్లో చాలా తియ్యగా మాట్లాడారు, వాట్సాప్‌లో ఫోటోలు పంపండి చాలు అన్నారు, రోజుకో కొత్త మనిషి ఫోన్ చేసి పంపిన కాగితమే మళ్ళీ పంపమనేవాడు. అదైనా సర్దుకుపోవచ్చు. కానీ డైరెక్టర్ల ఈమెయిల్, ఫోన్ నంబర్ దగ్గర మా వాళ్ళవే వేసేస్తాం, ఓటీపీ గొడవ మీకు ఉండదు అన్నారు చూడండి, అక్కడ మా వదిన ఆపేసింది. మా చుట్టాలబ్బాయి ఒకడికి రాయగడలో ఇదే జరిగింది, కంపెనీ ఈమెయిల్ కన్సల్టెంట్‌ది, డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్ కూడా కన్సల్టెంట్ దగ్గరే, తర్వాత ఇద్దరికీ మాట తేడా వస్తే వీడు తన కంపెనీ జీఎస్టీలోకి తను లాగిన్ అవ్వలేకపోయాడు. కాబట్టి ఎవరి దగ్గర చేయించుకున్నా ఈ రెండూ మాత్రం మీ చేతిలోనే పెట్టుకోండి, ఓటీపీ వచ్చే ఫోన్ మీది, టోకెన్ మీ బీరువాలో. మా మేడమ్ అయితే టోకెన్ వచ్చిన రోజే పిలిచి మా చేతికిచ్చి, పాస్‌వర్డ్ మా చేతే మార్పించి, అప్పుడు పంపారు. ఫైలింగ్ రోజున మేమే పట్టుకెళ్ళి సంతకం పెట్టుకున్నాం.

ఇక అసలు విషయం, కాగితాలు.

చాలామంది కంపెనీ అంటే కటక్ వెళ్ళాలి అనుకుంటారు, ఒడిశా రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ ఆఫీసు కటక్‌లో ఉంది కాబట్టి. వెళ్ళక్కర్లేదు. కొత్త కంపెనీ దరఖాస్తులన్నీ దేశం మొత్తానికి హర్యానాలో మనేసర్ దగ్గరున్న సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్‌లో చూస్తారు, అంతా ఆన్‌లైన్. 2020 ఫిబ్రవరి నుంచి స్పైస్ ప్లస్ అని ఒకే ఫారం వచ్చింది, అందులో పార్ట్ ఏ పేరు కోసం, పార్ట్ బీ మిగతా అన్నిటికీ. డైరెక్టర్ నంబర్, కంపెనీ పాన్, టాన్ (టీడీఎస్ కోసం ఇచ్చే నంబర్), పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంక్ ఖాతా, కావాలంటే జీఎస్టీ, అన్నీ దాంతోనే. అంటే మనేసర్‌లో కూర్చున్న ఆఫీసరుకి మనం కనపడం, మన ఊరు తెలీదు, మన ఇంటిపేరు ఎలా రాస్తామో తెలీదు, ఆయనకి కనిపించేది మనం ఎక్కించిన పీడీఎఫ్ ఒక్కటే. అందుకే పీడీఎఫ్‌లో తేడా ఉంటే వెనక్కి పంపుతారు, అది ఆయన తప్పు కాదు.

మన పేర్ల దగ్గర తేడా ఎందుకొస్తుందో మేడమ్ చెప్పిన తీరు నాకు చాలా నచ్చింది. ఆవిడ ఒడియా ఆవిడే గానీ తెలుగు మనలాగే మాట్లాడతారు. ఇక్కడ మనం చదివింది ఒడియా మీడియం, స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర్లో ఉంటుంది, ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తాం, ఆధార్ తీసినప్పుడు ఆపరేటర్ ఒడియాలో విని టైప్ చేస్తాడు. ఒడియాలో వ శబ్దం బ అయిపోతుంది, వెంకట అంటే బెంకట, వరలక్ష్మి అంటే బరలక్ష్మి, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో కూడా వీ ఉండాల్సిన చోట బీ పడుతుంది. రావు కొందరికి విడిగా ఉంటుంది, కొందరికి పేరుకే అతుక్కుని ఉంటుంది. పాన్‌లో ఇనీషియల్స్ రాయనివ్వరు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి, ఆధార్‌లో చూస్తే ఒక్క అక్షరం చుక్క పెట్టి వదిలేసి ఉంటుంది. ఇవన్నీ కలిపి ఒకే మనిషికి మూడు పేర్లు తయారవుతాయి. రేషన్ దగ్గరా బ్యాంక్ దగ్గరా ఏదోలా నడిచిపోతుంది, కంపెనీ దగ్గర నడవదు. డిజిటల్ సంతకం పాన్ ప్రకారం ఉన్న పేరు మీద వస్తుంది, ఫారంలో పేరు పాన్ డేటాతో సరిచూస్తుంది, ఐడీ ప్రూఫ్, అడ్రస్ ప్రూఫ్ కూడా అదే పేరు చూపించాలి.

మా వదినది అచ్చం ఇదే కేసు. పాన్‌లో ఒకలా, ఆధార్‌లో బీతో ఒకలా. మేడమ్ అది చూసి పని అక్కడే ఆపేశారు. ముందు ఆధార్ సరిచేయించుకు రండి, కానీ జాగ్రత్త, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందుకని పాన్‌లో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకెళ్ళి ఆపరేటర్ స్క్రీన్ మీద మీరే చూసుకుని ఓకే అనండి అన్నారు. ఆ కాగితం ఆవిడే రాసిచ్చారు. వదినకి కొంచెం విసుగొచ్చింది, ఒక అఫిడవిట్ వేసేస్తే పోదా అంది. అఫిడవిట్‌తో ఈరోజు పోవచ్చు, రేపు బ్యాంక్‌లో, ఎల్లుండి లోన్ దగ్గర, ఆ తర్వాత షేర్ సర్టిఫికెట్ దగ్గర మళ్ళీ అదే అఫిడవిట్ పట్టుకు తిరుగుతారు అన్నారు మేడమ్. పిండి సరిగ్గా కలపకుండా అప్పడం ఒత్తితే ఎండలో పెట్టాక పగులుతుంది కదా అలాగన్నమాట అని నేనన్నా, వదిన ఇంకేం మాట్లాడలేదు, మర్నాడే ఆధార్ సెంటర్‌కి వెళ్ళింది.

ఆడవాళ్ళకి ఇంకో మాట. డైరెక్టర్ నంబర్ కోసం తండ్రి పేరే అడుగుతారు, పెళ్ళయినా సరే భర్త పేరు కాదు. మన ఆధార్‌లో భర్త పేరు ఉంటుంది, పాన్ రికార్డులో తండ్రి పేరు ఉంటుంది. ఆ తండ్రి పేరు స్పెల్లింగ్ కూడా పాన్‌లో ఎలా ఉంటే అలాగే రాయాలి. మా నాన్న పేరు నా పాన్‌లో ఒకలా, అన్నయ్య పాన్‌లో ఇంకోలా ఉంది, నేను డైరెక్టర్‌ని కాబట్టి నాది చూస్తే సరిపోతుందన్నారు.

డైరెక్టర్లకీ వాటాదార్లకీ కావలసినవి ఇవి: పాన్, ఆధార్, ఫోటో, ఇంకో గుర్తింపు కాగితం అంటే ఓటర్ కార్డు గానీ డ్రైవింగ్ లైసెన్స్ గానీ పాస్‌పోర్ట్ గానీ, ఇంకా అడ్రస్ కోసం బ్యాంక్ స్టేట్‌మెంట్ లేదా కరెంట్ బిల్లు లేదా ఫోన్ బిల్లు, అది 2 నెలల లోపుది అయ్యుండాలి. బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి పంపితే పని అవ్వదు, అడ్రస్ కనపడుతూ ఈమధ్య లావాదేవీలు ఉన్న స్టేట్‌మెంట్ కావాలి, బ్రాంచ్‌లో అడిగి స్టాంప్ వేయించుకుంటే మంచిది. ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదార్లు, ఆ ఇద్దరే ఈ ఇద్దరూ అవ్వచ్చు. డైరెక్టర్‌గా ఉండడానికి ఒప్పుకుంటున్నాం అని డీఐఆర్-2, కంపెనీ వ్యవహారాల్లో నేరానికో మోసానికో మాకు శిక్ష పడలేదు, చెప్పినవన్నీ నిజమే అని ఐఎన్‌సీ-9, ఈ రెంటి మీదా మీ సంతకం ఉంటుంది. సంతకం పెట్టేముందు మేడమ్ రెండూ మాకు తెలుగులో చదివి చెప్పారు.

ఎక్కువ బుర్ర తిన్నది మాత్రం రిజిస్టర్డ్ ఆఫీసు (కంపెనీ అధికారిక అడ్రస్) కాగితం. మా పుట్టింట్లోనే అప్పడాలు ఒత్తుతాం, ఆ ఇంటి అడ్రస్సే పెడదామనుకున్నాం. ఆ ఇల్లు ఇంకా మా తాతగారి పేరు మీదే ఉంది, తాతగారూ లేరు, నాన్నా లేరు. కరెంట్ బిల్లు తాతగారి పేరు, పట్టా తాతగారి పేరు, పట్టా మొత్తం ఒడియాలో. ఇక్కడ పెద్ద బజార్ పక్క పాత ఇళ్ళన్నీ దాదాపు ఇంతే, మూడు తరాలుగా ఎవరూ పేరు మార్పించరు. రిజిస్టర్డ్ ఆఫీసుకి కావలసింది ఏంటంటే ఇల్లు సొంతదైతే దాని కాగితం, అద్దెదైతే అగ్రిమెంట్, అద్దె రసీదు, ఓనరు అభ్యంతరం లేదని రాసిచ్చే ఎన్ఓసీ, ఇంకా 2 నెలల లోపు కరెంట్ బిల్లో నీళ్ళ బిల్లో గ్యాస్ బిల్లో. ఎన్ఓసీ ఇవ్వాల్సిన ఓనరు బతికుండాలి కదా. చనిపోయిన వాళ్ళ పేరు మీద బిల్లు పెట్టి, వారసుల్లో ఒకరు సంతకం పెట్టేసి పంపేవాళ్ళు ఉన్నారంట, మేడమ్ అది చెయ్యనన్నారు. తహసీల్ ఆఫీసులో వారసుల (లీగల్ ఎయిర్) సర్టిఫికెట్ తీసుకుని, అత్తలూ బాబాయిలూ అందరూ ఒప్పుకున్నాక, పట్టా మార్పించుకుని, దాని మీద కరెంట్ కనెక్షన్‌కి కూడా కరెంట్ కంపెనీ దగ్గర పేరు మార్పించుకోవాలి, అది మంచి పనే, చేసుకోండి, కానీ దానికోసం కంపెనీ ఆపుకోకండి అన్నారు.

దానికి రెండు దార్లు చెప్పారు. ఫారంలో ప్రస్తుతానికి ఉత్తరాలు వచ్చే అడ్రస్ అని ఒకటి ఇచ్చి కంపెనీ రిజిస్టర్ చేసేసుకోవచ్చు, రిజిస్టర్ అయిన 30 రోజుల్లోపు అసలు ఆఫీసు అడ్రస్ ఐఎన్‌సీ-22 అనే ఫారంలో వెయ్యాలి. లేదా మొదటే క్లియర్‌గా ఉన్న ఇంకో ఇల్లు చూసుకోవడం. మా పిన్ని ఇల్లు ఉంది, కరెంట్ బిల్లు పిన్ని పేరే, మున్సిపల్ కార్పొరేషన్ హోల్డింగ్ టాక్స్ (ఇంటి పన్ను) రసీదూ పిన్ని పేరే. సరే అని పిన్నిని తీసుకెళ్ళాం. పిన్నికి భయం. ఏటమ్మా, సంతకం పెడితే నా ఇల్లు కంపెనీ వాళ్ళది అయిపోదు గదా అని అడిగింది. వేరే ఎవరైనా అయితే నవ్వేసి పెట్టమనేవారు. ఈవిడ కుర్చీ దగ్గరకి లాక్కుని, లేదు మౌసీ, ఇది అడ్రస్ వాడుకోడానికి మీరిచ్చే అనుమతి అంతే, ఇంటి మీద వాళ్ళకి ఏ హక్కూ రాదు, రేపు మీకు వద్దనిపిస్తే వాళ్ళు ఆఫీసు వేరే చోటికి మార్చుకుంటారు అని, ఇంగ్లీష్‌లో ఉన్న ఎన్ఓసీ లైన్ లైన్‌గా తెలుగులో చెప్పారు. పిన్ని తెలుగులో సంతకం పెట్టింది. తెలుగు సంతకం చెల్లుతుందా అని నేనడిగితే సంతకం ఏ భాషలో పెట్టినా సంతకమే, బ్యాంక్‌లో ఎలా పెడతారో అలాగే పెడితే చాలు అన్నారు. ఒడియాలో ఉన్న పన్ను రసీదుకి ఇంగ్లీష్ అనువాదం చేయించి కలిపారు, మనేసర్‌లో చదివేవాళ్ళకి ఒడియా రావాలని లేదు కదా.

ఇచ్ఛాపురం ఆలోచన కూడా మా అన్నయ్యకి వచ్చింది. అరగంట ప్రయాణం, అక్కడ మా అత్తవారి వైపు వాళ్ళ ఇల్లుంది, అంతా తెలుగే, అక్కడ అడ్రస్ పెడితే సులువు కదా అన్నాడు. మేడమ్ వద్దన్నారు, కారణాలు కూడా చెప్పారు. రిజిస్టర్డ్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉంటే కంపెనీ ఆ రాష్ట్రం రిజిస్ట్రార్ కిందకి వెళ్తుంది, ఇచ్ఛాపురం అంటే విజయవాడ, స్టాంప్ డ్యూటీ కూడా ఆ రాష్ట్రం లెక్కే. మీరు అప్పడాలు చేసేది బరంపురంలో, జీఎస్టీ తీసుకుంటే ఒడిశాలో విడిగా తీసుకోవాలి, తర్వాత ఆఫీసు రాష్ట్రం మార్చుకోవాలంటే మెమొరాండమే (కంపెనీ ఏ రాష్ట్రంలో ఉంటుంది, ఏం పని చేస్తుంది అని రాసే మూల పత్రం) మార్చాలి, వాటాదార్ల స్పెషల్ రిజల్యూషన్, కేంద్ర ప్రభుత్వ రీజినల్ డైరెక్టర్ అనుమతి, పెద్ద పని. వ్యాపారం ఎక్కడుందో ఆఫీసు అక్కడే పెట్టండి అన్నారు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వాళ్ళు కూడా చాలామంది అటు పార్వతీపురమో ఇటు సాలూరో చుట్టాల అడ్రస్ పెడదామని చూస్తుంటారు, మీకూ ఇదే మాట వర్తిస్తుంది.

పేరు గురించి పెద్దగా రాయను. రెండు పేర్లు ఇవ్వచ్చు, ఫీజు 1000 రూపాయలు, ఒప్పుకుంటే 20 రోజులు మన పేరు పట్టి ఉంచుతారు, ఆ లోపు పార్ట్ బీ వేసేయాలి. అందుకే కాగితాలన్నీ సిద్ధం అయ్యాకే పేరు వేయాలి, ముందు పేరు తెచ్చుకుని తర్వాత ఆధార్ సెంటర్ చుట్టూ తిరిగితే గడువు అయిపోతుంది. వదిన అన్నపూర్ణ అని పెడదామంది, ఆ పేరుతో ఇప్పటికే బోలెడు కంపెనీలున్నాయి. ఊరి పేరు ఒక్కటే కంపెనీ పేరుగా పెట్టడానికీ కుదరదు. ట్రేడ్‌మార్క్ సైట్‌లో కూడా చూసి, పక్కనే ఏం వ్యాపారమో తెలిసేలా ఫుడ్స్ అని చేర్చి ఇచ్చాం, మొదటి పేరే వచ్చింది.

మెమొరాండం, ఆర్టికల్స్ దగ్గర మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలా ప్యాకేజీల్లో ఇవి ఎవరూ చదవరు, చట్టంలో ఇచ్చిన నమూనా ఉన్నదున్నట్టు దించేస్తారు. మెమొరాండంలో కంపెనీ ఏం పని చేస్తుందో రాయాలి. మేము అప్పడాలు, పచ్చళ్ళు అని చెప్పాం. వచ్చే ఐదేళ్ళలో ఇంకేం చేస్తారు అని మేడమ్ అడిగారు. కొరాపుట్, రాయగడ వైపు నుంచి చోళ్ళు (రాగులు) వస్తాయి, ఒడిశాలో మిల్లెట్స్ మిషన్ వచ్చాక వాటికి గిరాకీ బాగుంది, చోడి జంతికలు చేద్దామని ఉంది, మసాలా పొడులు చేద్దామని ఉంది అని చెప్పాం. అవన్నీ పట్టేలా రాశారు, లేకపోతే తర్వాత వాటాదార్ల తీర్మానం పెట్టి మెమొరాండం మార్చుకుంటూ కూర్చోవాలంట.

ఆర్టికల్స్ అంటే కంపెనీ లోపల రూల్స్. ప్రైవేట్ కంపెనీ అయితే షేర్లు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకుండా కట్టుబాటు, సభ్యులు 200 దాటకూడదు, జనం దగ్గర షేర్లకి డబ్బు అడగకూడదు, ఇవి తప్పకుండా ఉండాలి. మిగతాది మన ఇష్టం. ఇక్కడ మేడమ్ మా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలు అడిగారు. మీ ఇద్దరికీ సగం సగం అంటున్నారు, ఒక విషయంలో మాట కలవకపోతే ఎవరి మాట నెగ్గాలి? ఒకరు మానేస్తానంటే వాళ్ళ షేర్లు ముందు రెండోవాళ్ళకే అమ్మాలా, ఎంతకి అమ్మాలి, ధర ఎవరు కడతారు? ఒకరికి ఏదైనా అయితే షేర్లు పిల్లలకి వస్తాయి, అప్పుడు ఆ పిల్లలు డైరెక్టర్లు కూడా అవుతారా? వదినా మరదళ్ళం, మా మధ్య ఇప్పటిదాకా పైసా గొడవ లేదు, అయినా ఆ ప్రశ్నలకి ఇద్దరం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇంటికెళ్ళి మాట్లాడుకుని రండి, అన్నయ్యని కూడా కూర్చోబెట్టండి అన్నారు. మాట్లాడుకున్నాం. 50-50 వద్దనుకుని, ఇన్నాళ్ళూ వ్యాపారం నడిపింది వదినే కాబట్టి ఆవిడకి 51 ఇచ్చాం, షేర్లు అమ్మితే ముందు ఇంట్లో వాళ్ళకే, ధర బయటి సీఏ లెక్క కట్టాలి అని ఆర్టికల్స్‌లో రాయించుకున్నాం. నన్నడిగితే ఆవిడ తీసుకున్న ఫీజులో సగం ఈ ఒక్క పనికే చెల్లిపోయింది. కుటుంబంతో కంపెనీ పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, ఎవరి దగ్గర చేయించుకున్నా సరే, ఆర్టికల్స్ మీ భాషలో చెప్పించుకోకుండా డిజిటల్ సంతకం పెట్టకండి.

డబ్బు సంగతి. ఆథరైజ్డ్ క్యాపిటల్ (కంపెనీ ఎంత మొత్తం దాకా షేర్లు ఇవ్వచ్చో ఆ పరిమితి) 15 లక్షల దాకా అయితే రిజిస్ట్రేషన్‌కి కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ ఫీజు సున్నా. కట్టేవి ఏంటంటే పేరు ఫీజు, రాష్ట్రం స్టాంప్ డ్యూటీ, పాన్ టాన్‌కి చిన్న మొత్తం, డిజిటల్ సంతకాలు, ఆపైన ప్రొఫెషనల్ ఫీజు. మాకిచ్చిన బిల్లులో గవర్నమెంట్‌కి వెళ్ళింది వేరే, ఆవిడ ఫీజు వేరే, చలాన్లు జతచేసి ఇచ్చారు. ఆన్‌లైన్ ప్యాకేజీ కన్నా ఎక్కువే అయింది, అది దాచను. ఆ ప్యాకేజీ ధరలో డిజిటల్ సంతకం, స్టాంప్ డ్యూటీ ఉండవు, చివర్లో కలుపుతారు, కాబట్టి పోల్చేటప్పుడు మొత్తం కలిపి రాసిమ్మని అడిగి పోల్చండి.

సర్టిఫికెట్ వచ్చాక పని అయిపోయిందని ఆవిడ వదిలేయలేదు, ఇది కూడా రేటింగ్‌లో కలిపాను. కంపెనీ నంబర్ 21 అక్షరాలు, పాన్, టాన్ అన్నీ వచ్చాయి, దాంతోపాటు పీఎఫ్, ఈఎస్ఐ కోడ్‌లు కూడా వచ్చేసరికి వదిన కంగారు పడింది, మనకి పనివాళ్ళే నలుగురు, పీఎఫ్ కట్టాలా అని. కోడ్ అందరికీ వస్తుంది, మనుషుల సంఖ్య పరిమితి దాటినప్పుడే కట్టేది అని వివరించారు. వెంటనే మా ఫోన్లలో తేదీలు పెట్టించారు: 30 రోజుల్లో మొదటి బోర్డు మీటింగ్, అందులోనే ఆడిటర్ నియామకం, 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ అనే ఫారం. ఈ చివరిది జాగ్రత్త, షేర్ల డబ్బు కంపెనీ ఖాతాలో పడిందని చూపించి ఇది వేసేదాకా కంపెనీ వ్యాపారం మొదలెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు, వెయ్యకపోతే చట్టంలో కంపెనీకి 50,000 జరిమానా, డైరెక్టర్లకి రోజుకి 1000 చొప్పున విడిగా. ఈ ఏరియాలో కంపెనీ తెరిచి దీని సంగతే తెలీని వాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని నేను చూశాను, వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, లెక్కలు, రిటర్న్ వెయ్యాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు పడుతూనే ఉంటుంది. ఈ ఖర్చంతా ఆవిడ మొదటి రోజే, మేము ఇంకా ఫీజు కట్టకముందే, కాగితం మీద లెక్కేసి చూపించి, ఇది భరించగలరా, లేకపోతే పార్ట్‌నర్‌షిప్ గానీ ఎల్ఎల్‌పీ (అప్పుల బాధ్యత పరిమితంగా ఉండే పార్ట్‌నర్‌షిప్) గానీ చూడమంటారా అని అడిగారు. ఒక్కరే అయితే ఓపీసీ, అంటే ఒక్క మనిషి కంపెనీ కూడా ఉంది. వచ్చిన గిరాకీని తగ్గించుకునే మాట అది, అయినా అడిగారు. మేము అప్పటికే లెక్క చూసుకునే వెళ్ళాం కాబట్టి కంపెనీ అనే అన్నాం. మీలో ఎవరైనా ఊరికే బోర్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే గౌరవం అనుకుని వెళ్తుంటే ఆ లెక్క ఒకసారి వేయించుకోండి.

పాత వ్యాపారం నుంచి వచ్చేవాళ్ళకి ఇంకోటి. కంపెనీకి కొత్త పాన్ వస్తుంది కాబట్టి వదిన పేరు మీద ఉన్న ఉద్యం, ఎఫ్ఎస్ఎస్ఏఐ కంపెనీకి పనికిరావు, అన్నీ కంపెనీ పేరు మీద మళ్ళీ తీసుకోవాలి. ప్యాకెట్ల మీద పాత లైసెన్స్ నంబర్ అచ్చయిన కవర్లు మాకు బస్తా ఉన్నాయి, అవి పాత వ్యాపారం మూసేలోపు వాడేయాలి అని మేడమ్ ముందే హెచ్చరించారు, అందుకే కొత్త కవర్ల ఆర్డర్ ఆపి పెట్టాం. బోర్డు కూడా ఇంగ్లీష్‌లో ఒక్కటే పెడితే చాలదు, ఆ ఊళ్ళో వాడే భాష అక్షరాల్లో కూడా పేరు రాయాలని కంపెనీల చట్టంలోనే ఉంది. మా బోర్డు మీద ఒడియా, ఇంగ్లీష్, కింద తెలుగు కూడా రాయించాం.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, సెప్టెంబర్, అక్టోబర్‌లో అందరి ఫైలింగ్‌లూ ఒకేసారి వస్తాయి, అప్పుడు ఫోన్ ఎత్తరు, మెసేజ్‌కి మర్నాడు జవాబు వస్తుంది, కొత్త కంపెనీ పెట్టుకునేవాళ్ళు ఆ రెండు నెలలు తప్పించి వెళ్ళండి. మెట్లు నిలువుగా ఉంటాయి, మా పిన్ని లాంటి పెద్దవాళ్ళకి కష్టం, ముందే చెప్తే మాత్రం ఆవిడ అసిస్టెంట్ ఇంటికొచ్చి సంతకం తీసుకుంటుంది. రాయగడ, పర్లాకిమిడి నుంచి చేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి డిజిటల్ సంతకం వీడియో వెరిఫికేషన్ ఫోన్లోనే అయిపోతుంది, ఒరిజినల్ పాన్ చేతిలో పట్టుకుని కెమెరా ముందు చూపించాలి, అంతే. కానీ మొదటిసారి మాత్రం ఒరిజినల్ కాగితాలన్నీ పట్టుకుని మనిషే వెళ్ళండి, జెరాక్స్‌లో బీకీ వీకీ తేడా కనపడదు, ఆవిడ ఒరిజినల్సే అడుగుతారు.